పిల్లలచేత కథన వ్యాసం వ్రాయించే విధం

మన ఇండ్లలో పిల్లలకు లెక్కలు నేర్పడానికి వేరే మనిషిని పిలువనక్కరలేదు. పదేండ్లవాడు గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండి చిల్లర తప్పకుండా లెక్కపెట్టి ఇవ్వగలడు. కాని అదే పిల్లవాడిని పిలిచి, "నీకు జరిగిన సంగతి ఏదైనా ఒకటి రెండు పుటలు వ్రాసి తీసుకొని రా" అంటే కలం నోట పెట్టుకొని పైకప్పు వంక చూస్తాడు. పరీక్షలో ఈ ప్రశ్నకు మార్కులు ఉన్నవి గనుక తలిదండ్రులు వ్యాసాల పుస్తకం ఒకటి కొని ఇస్తారు. వాడు దానిని కంఠస్థం చేస్తాడు. మార్కులు వస్తవి గాని, వ్రాయడం మాత్రం రాదు.

ఈ సంచిక చేరే ఊళ్లలో ఈ కష్టం మరి కొంచెం ఎక్కువ. బళ్లారిలోను, హోసూరులోను, బరంపురంలోను, షోలాపురంలోను మన పిల్లలకు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష, ఇంట్లో తెలుగు. యానాం పిల్లలు ఈ విషయంలో అదృష్టవంతులు. వారికి వీధిలోనూ తెలుగే. తక్కినవారు తెలుగులో మాట్లాడుతారు గాని, వ్రాయవలసి వచ్చేసరికి వ్రాత భాష అనే ఒక వింత వస్తువు ఎక్కడో ఉన్నదనుకొని భయపడుతారు. నేను చాలా ఏండ్లు ఇట్టి పిల్లలకు తెలుగు చెప్పినవాడిని. కథన వ్యాసం ఎట్లా వ్రాయించవలెనో నాకు కొంత ఆలస్యంగానే తెలిసినది. తెలిసినంతవరకు ఇక్కడ విన్నవించుకొంటాను.

బళ్లారి ప్రాంతంలో బట్టల అంగడి గల ఒక ఇంటి పిల్లవాడు, అప్పుడు తొమ్మిదో తరగతి, "మా అంగడిలో ఒక దినము" అని వ్రాసి తెచ్చినాడు. అందులో ఇట్లా ఉన్నది: మా అంగడి చాలా పెద్దది. ఉదయము తొమ్మిది గంటలకు తెరుస్తారు. మా తాతగారు చాలా మంచివారు. అనేకమంది గిరాకీదారులు వస్తారు. వారు రంగురంగుల వస్త్రములను కొంటారు. రాత్రి అంగడి మూసి ఇంటికి వస్తాము. నాకు చాలా సంతోషము కలిగినది.

అక్షరదోషం ఒక్కటి లేదు. వెనుకటి రోజులలో అయితే పదికి ఏడు మార్కులు వేసి పంపేవాడిని. కాని దీనిని బళ్లారిలోని అంగడికి తగిలించినా సరిపోతుంది, మదరాసులోని అంగడికి తగిలించినా సరిపోతుంది. ఇందులో "తెరుస్తారు, వస్తారు, కొంటారు" అనే మాటలే ఉన్నవి. అవి రోజూ జరిగే పనులు. ఒకనాడు జరిగినది ఒక్కటీ లేదు. వర్ణన వ్యాసానికి వస్తువు కావలెను, చర్చా వ్యాసానికి అభిప్రాయం కావలెను. కథన వ్యాసానికి మాత్రం ఒకనాడు, ఒకచోట, ఒకరికి జరిగిన సంగతి కావలెను. అది జరిగిన తరువాత ఆ మనిషి ఏదో ఒక విషయంలో మునుపటివలె ఉండకూడదు. రోజూ జరిగేదానికీ ఒకనాడు జరిగినదానికీ ఉన్న ఈ తేడా పిల్లలకు ఒక పట్టాన అర్థం కాదు. అందుకే నేను సూత్రాలు చెప్పడం మాని, ఒక వ్యాపారస్థుని కథ చెప్పడం మొదలుపెట్టినాను.

ఆయన పేరు బనారసీదాస్. 1586లో జౌన్‌పూరులో, శ్రీమాలి జైన కుటుంబంలో పుట్టినాడు. తండ్రి రత్నాల వ్యాపారి. బనారసీదాస్ 1641లో, తన యేబదియైదవ యేట, ఆగ్రాలో కూర్చుండి తన జీవితమంతా పద్యాలలో చెప్పుకొన్నాడు. మనిషికి నిండు ఆయుర్దాయం నూటపది ఏండ్లని లెక్కవేసుకొని, తాను చెప్పినది సగమేనని ఆ గ్రంథానికి "అర్ధకథానకం" అని పేరు పెట్టినాడు. పద్యాలు 675 వరకు ఉన్నవి. హిందీలో తొలి ఆత్మకథగా పండితులు దీనిని లెక్కిస్తారు. 1981లో ముకుంద్ లాఠ్ దీనిని పీఠికతోసహా ఇంగ్లీషులోనికి తెచ్చినారు గనుక పెద్ద తరగతుల పిల్లలు దానిని చదువుకోవచ్చును. మన పిల్లలకు ఈయనను గురువుగా చూపడానికి కారణం ఆయన జైనుడు కావడం ఒక్కటే కాదు. ఆయన గొప్ప వ్యాపారి కాడు. బేరాలలో చాలా సొమ్ము పోగొట్టుకొన్నవాడు. ఆ పోగొట్టుకొన్న తీరు దాచకుండా చెప్పినాడు.

ఒక ఘట్టం చూడండి. 1605లో అక్బరు చక్రవర్తి పోయినాడన్న వార్త జౌన్‌పూరు చేరినది. ఇదే సంగతి మన పిల్లలు వ్రాస్తే, "ప్రజలందరు మిక్కిలి భయభ్రాంతులైరి" అని ఒక్క వాక్యంతో సరిపెడుతారు. బనారసీదాస్ అట్లా చేయలేదు. తాను అప్పుడు మెట్లమీద కూర్చుండి ఉన్నాడట. వార్త చెవిన పడగానే కళ్లు తిరిగి క్రిందికి దొర్లినాడు. తల పగిలి రక్తం కారింది. తల్లి గుడ్డ కాల్చి ఆ మసి గాయానికి అద్దినది. ఇక ఊరిలో తలుపులు మూతపడినవి. అంగళ్లలో కూర్చునేవారు లేరు. మంచి బట్టలు, నగలు భూమిలో పాతిపెట్టినారు. ఉన్నవారు కూడా ముతక బట్టలు కట్టి తిరిగినారు గనుక బీద ఎవరో సంపన్నుడెవరో తెలియకుండా పోయినది. దొంగలు మాత్రం ఎక్కడా కనబడలేదు. పది దినాల తరువాత ఆగ్రానుంచి జాబు వచ్చినది, జహంగీరు సింహాసనం ఎక్కినాడని. ఊరు తేరుకొన్నది.

ఇది చెప్పి పిల్లలను అడుగుతాను: ఇందులో "భయం" అన్న మాట లేకపోయినా భయం ఎక్కడ తెలిసినది? ఒకడు మెట్లు అంటాడు, ఒకడు ముతకబట్ట అంటాడు. ఒక ఆడపిల్ల మాత్రం, "కాల్చిన గుడ్డ" అన్నది. ఆ తల్లి చక్రవర్తిని గురించి ఆలోచించలేదు, కొడుకు నెత్తురు ఆపే పనిలో ఉన్నది అని ఆ పిల్ల చెప్పిన మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఆ పాఠం నేను ఆ పిల్లవద్దనే నేర్చుకొన్నానని చెప్పవలెను. అప్పటినుంచి పిల్లల వ్రాతలో "సంతోషము కలిగినది", "దుఃఖము కలిగినది" అని వస్తే దానిని కొట్టివేయను. ప్రక్కన ఒక ప్రశ్న వ్రాస్తాను: అప్పుడు నీ చేతులు ఏమి చేస్తున్నవి? ఇంట్లో తక్కినవారు ఏమి చేస్తున్నారు? "చాలా" అన్న ప్రతి మాట క్రింద గీత గీసి, ఎంతో చెప్పమంటాను. అంగడి బిడ్డలకు ఇది కష్టం కాదు. చాలా బట్ట కావలెనని ఎవరైనా అడిగితే, ఎన్ని మీటర్లని వారే అడుగుతారు గదా!

ఇక రెండవ సంగతి, ఏది చెప్పవలెను, ఏది వదలవలెను అన్నది. పిల్లలు నిద్ర లేవడంతో మొదలుపెట్టి, పండ్లు తోముకొని, స్నానం చేసి, బస్సు ఎక్కి, అసలు సంగతికి వచ్చేసరికి పుట అయిపోతుంది. వారికి నేను మన పుస్తకాల భాషలోనే చెప్పుతాను. చిట్టాలో ఏనాటి పద్దు ఆనాడు, వచ్చిన వరుసలో, అన్నీ పడుతవి. ఆవర్జాలో ఒక మనిషి పేరుమీద ఖాతా తెరిచి, ఆ మనిషికి సంబంధించిన పద్దులు మాత్రమే చిట్టాలోనుంచి ఏరి ఎక్కిస్తాము. కథన వ్యాసం ఆవర్జాలో ఒక ఖాతా వంటిది. చిట్టా అంతా మనస్సులో ఉండవలెను, లేకుంటే ఏరడానికి ఏమీ ఉండదు. కాని కాగితంమీదికి ఆ ఒక్క ఖాతాకు చెందినవే రావలెను.

చిట్టా పద్ధతిని తక్కువ చేయడానికి ఈ మాట అనలేదు. చెన్నపట్నంలో సుప్రీంకోర్టు దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చినారు. దారిలో మజిలీ మజిలీకి చూచినది చూచినట్లు వ్రాసినారు. ఆ వ్రాతే 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయినది. ఏ ఊరిలో ఏమి దొరుకుతుంది, ఏ ఏరు ఎట్లా దాటవలెను, బోయీల సంగతి ఏమిటి అని వెనుక వచ్చే యాత్రికునికి కావలసినవన్నీ అందులో ఉన్నవి. పదిహేను నెలల ప్రయాణానికి ఆ వరుస తగినదే. రెండు పుటల వ్యాసానికి తగదు.

కాలాన్ని ఎక్కడ సాగదీయవలెను, ఎక్కడ మడిచి పెట్టవలెను అన్నదానికి మళ్లీ బనారసీదాసునే చూపుతాను. ఆగ్రాలో ఆయన సరకంతా పోగొట్టుకొన్నాడు. కొన్ని రత్నాలు బొందులో ముడివేసి ఉంచితే జారిపోయినవి. కొన్నింటిని ఎలుకలు ఈడ్చుకొని పోయినవి. చేతిలో పైసా లేదు. రాత్రిపూట ఇంట్లో కూర్చుండి మధుమాలతి, మృగావతి అనే ప్రేమకథలు చదివి వినిపించేవాడు. పదిమంది దాకా వచ్చి వినేవారు. అందులో ఒకడు కచోరీలు అమ్ముకొనేవాడు. ఈయన వానివద్ద రోజూ అప్పుమీద కచోరీలు తిన్నాడు. కొన్నాళ్లకు మనస్సు ఒప్పక, వానిని ఒంటరిగా పిలిచి, నావద్ద సొమ్ము లేదు, ఇక నాకు ఇవ్వవద్దు అని చెప్పినాడు. ఇరవై రూపాయలదాకా తినండి, ఎవరూ అడగరు అన్నాడట ఆ కచోరీవాడు. తరువాత చేతిలో సొమ్ము ఆడినప్పుడు లెక్క చూస్తే 14 రూపాయలు తేలినవి; ఇచ్చివేసినాడు.

నెలల తరబడి నడిచిన అప్పు ఇది. రోజు రోజూ తిన్నదానిని ఆయన కొద్ది మాటలలో మడిచిపెట్టినాడు. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా నిలిచిన ఆ నిమిషం మాత్రం విప్పి చెప్పినాడు. పిల్లలచేత నేను చేయించే అభ్యాసం ఇదే. వ్యాసం వ్రాయబోయేముందు, ఆ సంగతిలో ఎవరు ఎవరి ఎదుట నిలిచి ఏమన్నారో ఆ నిమిషం పట్టుకోమంటాను. దానికి ఒక పుట. తక్కినదంతా కలిపి ఇంకొక పుట. మాటలు రెండో మూడో చాలును. కాని అవి ఆ మనిషి నోట వచ్చే మాటలై ఉండవలెను.

ఇంకా చాలా ఉన్నవి ఆ పుస్తకంలో. అడవిలో దారి తప్పి దొంగల ఊరిలో పడి, బ్రాహ్మణుడినని నమ్మించడానికి శ్లోకం చదివి, దారంతో జందెములు పేని, మట్టితో బొట్టు పెట్టుకొన్న కథ చెప్పితే తరగతి అంతా నవ్వుతుంది. ఒక సన్యాసి మాట నమ్మి, ప్రతిదినం గుమ్మంలో బంగారు నాణెం దొరుకుతుందన్న ఆశతో మరుగుదొడ్డిలో కూర్చుండి ఏడాదిపాటు మంత్రం జపించిన కథ చెప్పితే ఇంకా నవ్వుతుంది. నవ్విన తరువాత అడుగుతాను: ఈ సంగతి మీకు జరిగి ఉంటే వ్రాస్తారా? ఒక్కడూ చేయి ఎత్తడు. అదే ఆయన పుట్టిన తొమ్మిదిమంది బిడ్డలూ పోయినారని చెప్పినాడు. చివర తన గుణాలూ దోషాలూ వేరువేరుగా ఎక్కించినాడు. ఎవరూ లేనప్పుడు ఒంటరిగా నాట్యం చేస్తానన్నది కూడా ఆ దోషాల పద్దులో ఉన్నది. జమ మాత్రం చూపి ఖర్చు దాచిన పుస్తకాన్ని ఏ వ్యాపారీ నమ్మడు. చదివేవాడూ అంతే.

ఇక మన బట్టల అంగడి పిల్లవాని సంగతి. ఈ కథలన్నీ విన్న తరువాత వాడు, "మా ఇంట్లో ఏమీ జరగలేదు సార్" అన్నాడు. అందరు పిల్లలూ అదే అంటారు. అట్టివారికి నేను చెప్పే ఉపాయం ఒకటి ఉన్నది. ఇంట్లో పెద్దవారికి ఏదో ఒక వింత అలవాటు ఉంటుంది. అది ఎప్పుడు మొదలైనదో అడిగి రమ్మంటాను. వాని తాతకు ఒక అలవాటు ఉన్నది. బేలు ఏది వచ్చినా, ఎంతమంది పనివారు ఉన్నా, తానే వంగి అడుగున చేయి పెట్టి తడిమి చూస్తాడు. పిల్లవాడు చిన్ననాటినుంచి చూస్తున్నాడు గాని ఎందుకని అడుగలేదు.

వారం తరువాత వచ్చినాడు. ఈసారి కాగితాలు తేలేదు. ముందు నోటితో చెప్పమన్నాను. ఇది కూడా ముఖ్యం. నోటితో చెప్పించనిదే వ్రాయించకూడదు. వినేవాడు "తరువాత?" అని ఎక్కడ అడుగుతాడో కథ అక్కడ మొదలవుతుంది. వాడు తాత పుట్టుకనుంచి ఎత్తుకొన్నాడు. తరగతిలో పిల్లలు కిటికీ చూస్తున్నారు. "1971లో ఒకరోజు గూడ్సు షెడ్డు దగ్గర మబ్బు లేదు" అనేసరికి వెనుక బల్లవాడు, "అయితే?" అన్నాడు. అక్కడనుంచి మొదలుపెట్టమన్నాను.

సంగతి ఇది. ఆకాశం తెల్లగా ఉన్నది గదా అని ఆయన రైలులో వచ్చిన బేళ్లను టార్పాలిన్ కప్పకుండా షెడ్డు బయట ఉంచి, బండి మాట్లాడడానికి పోయినాడు. అప్పుడు ఆయనకు ఇరవైనాలుగేండ్లు. తండ్రి లేకుండా తెచ్చిన మొదటి సరకు. తిరిగివచ్చేలోపల వాన పట్టుకొన్నది. పైన తుడిచి చూస్తే ఆరినట్లే ఉన్నవి. ఎవరికీ చెప్పక అంగడిలో వేసినాడు. పది దినాల తరువాత విప్పితే అడుగు వరుసలన్నీ బూజు. మరకల బట్ట సగం ధరకు పోయినది. మిల్లువారి బాకీ తీర్చడానికి అవ్వ గాజులు నాలుగు అమ్మవలసి వచ్చినది. ఆమె గాజులు తీసి చేతిలో పెట్టి, "అడుగున చెయ్యి పెట్టి చూసుంటే తెలిసేది గదా" అని ఒక్కమాట అన్నదట.

పిల్లవాడు ఇది వ్రాసి తెచ్చినాడు. కాని ఆ మాటను, "వస్త్రముల క్రిందిభాగమును పరీక్షించియుండిన తెలిసియుండెడిది గదా" అని మార్చినాడు! అవ్వ అట్లా మాట్లాడుతుందా అని అడిగితే, "వ్రాతలో అట్లానే ఉండాలి గదా సార్" అన్నాడు. ఈ తప్పు వానిది కాదు, మా ఉపాధ్యాయులది. ఎర్రసిరా పట్టుకొని ఇంటిమాటలన్నిటినీ కొట్టివేసినవారిలో నేనూ ఒకడిని. అదే వ్యాసంలో వాన అనడానికి వాడు ఒకచోట "మళె" అని కన్నడం మాట వ్రాసినాడు. వాని తాత చెప్పేటప్పుడు అన్న మాటే అది. చెప్పే వాక్యంలో "వాన" అని దిద్దించి, తాత నోట వచ్చినచోట "మళె" అనే ఉంచినాను. ఇతర రాష్ట్రాలలో మూడు నాలుగు తరాలుగా ఉన్న మన ఇండ్లలో తెలుగు ఇట్లానే బ్రతికి ఉన్నది. దానిని కొట్టివేస్తే ఆ ఇల్లు ఏ ఊరిలో ఉన్నదో తెలియదు.

కల్పించవచ్చునా అని పిల్లలు అడుగుతారు. జరగని సంగతి చేర్చకూడదు. తెలియనిదానిని తెలిసినవారిని అడిగి వ్రాయవలెను. వారికీ తెలియకుంటే వదలివేయవలెను. మరీ అవసరమైన చోట "ఇది తాతకు జ్ఞాపకం లేదు" అని వ్రాయడంలో చిన్నతనం లేదు. అట్లాగే చివర నీతివాక్యం తగిలించే అలవాటు మాన్పించవలెను. వీడు మొదట, "కావున మనము ఎల్లప్పుడు జాగరూకులమై యుండవలెను" అని ముగించినాడు. గాజుల మాటతో ఆపమన్నాను. రెండుసార్లు వాదించి ఒప్పుకొన్నాడు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చినది. వ్యాసం బాగున్నదని, ఊరిలో అచ్చయ్యే ఒక సంచికకు పంపుదామని వాని తండ్రితో అన్నాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకొన్నాడు. "అయ్యవారూ, నష్టం వచ్చిన మాట, ఆడవారి గాజులు అమ్మిన మాట పదిమందిలో పెట్టేది ఎందుకు? ఇంటి గుట్టు గదా" అన్నాడు. నాకు కొంచెం నొప్పి తగిలినది గాని, ఆయన మాటలో న్యాయం లేదనలేను. పరపతిమీద బ్రతికే ఇల్లు అది. పిల్లవానిచేత నిజం వ్రాయించే హక్కు నాకు ఉండవచ్చును; దానిని అచ్చువేయించే హక్కు లేదు. పంపలేదు. ఇక్కడ ఊరూ పేరూ లేకుండా చెప్పడానికి కూడా ఆయన అనుమతి తీసుకొన్నాను. తలిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: అచ్చుకు ఒప్పుకోకున్నా సరే, వ్రాయవద్దని మాత్రం పిల్లవానితో అనవద్దు. వ్రాయడానికి ముందే ఏది దాచవలెనో నేర్చుకొన్న పిల్లవాడు మళ్లీ "మా అంగడి చాలా పెద్దది" దగ్గరికే వస్తాడు.

ఆ రాత్రి తాత అడిగి ఆ వ్యాసం చదివించుకొన్నాడట. చూపు సరిగా ఆనదు గనుక మనుమడే చదివినాడు. గాజుల దగ్గర ఆగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పదకొండు అని వ్రాసినావే, అవి తొమ్మిదిరా" అన్నాడు. బేళ్ల సంగతి. పిల్లవాడు పదకొండు కొట్టివేసి తొమ్మిది వేసి, మరునాడు నాకు చూపడానికి తెచ్చినాడు.